లోపలి మాట

మా వీధిలో నన్ను కంప్యూటర్ మామ అంటారు. కంప్యూటరంటే నాకు ప్రాణమని వాళ్ల అభిప్రాయం. ప్రాణమూ లేదు, పాడూ లేదు. దానికీ నాకూ పదిహేనేళ్లుగా గొడవ. కట్టుకున్నదానితో కూడా ఇంతకాలం ఎడతెరిపి లేకుండా పోట్లాడలేదు.

నేను ఇళ్లకు కరెంటు వైరింగు చేసి బతికినవాణ్ణి. తమిళనాడులోని మా ధర్మపురిలో చాలా ఇళ్ల గోడల్లో నేను లాగిన తీగలే ఉన్నాయి. స్విచ్చి వేస్తే దీపం వెలగాలి, తీస్తే ఆరాలి. మూడో పని చేసే స్విచ్చిని ఏ గోడకీ బిగించలేదు. కంప్యూటర్లు చేసేవాళ్లకు ఆ మాత్రం నీతి లేదు. ఆపమని నొక్కితే, ఉండు, నాకు అప్‌డేట్ ఉంది, ఆర్పొద్దు అంటుంది. ఇల్లు నాది, కరెంటు నాది, ఆర్పడానికి మాత్రం దాని అనుమతి కావాలి. ఒకసారి ఒళ్లు మండి ప్లగ్గు పీకేశాను. మర్నాడు అది పైకి లేవడానికి పొద్దు సగం ముక్కింది.

డబ్బా నేనే కట్టుకున్నాను. ఒక్కో భాగం బెంగళూరు నుంచి తెప్పించి, ముందుగదిలో చాప పరుచుకుని బిగించాను. ఫ్యాను అరిగితే మార్చాను. మెమరీ పెంచాను. దుమ్ము పట్టినప్పుడల్లా పెయింటు బ్రష్షుతో దులిపాను. ఇప్పుడు కొత్త సిస్టం వచ్చిందట, దానికి నా డబ్బా తగదట. ఎందుకు తగదో చెప్పదు. పిల్ల నచ్చలేదని మధ్యవర్తి చేత కబురంపినట్టు, ఒక గడిలో రెండు ముక్కలు చూపించి ఊరుకుంది. శుభ్రంగా నడుస్తున్నదాన్ని పారెయ్యమంటే ఎవరికీ కోపం రాదేం? నేను పారెయ్యలేదు. ఉచితంగా దొరికే ఇంకో సిస్టం ఎక్కించుకున్నాను. అదీ తక్కువ తిన్నది కాదు. చిన్న సాయం అడిగితే నల్ల తెర మీద పేజీలకు పేజీలు చదివిస్తుంది.

ఇక టైపు చేసుకునే సాఫ్టువేరుకు నెలనెలా అద్దె కట్టాలట. నా టెస్టరుకు నేనెప్పుడైనా అద్దె కట్టానా? ప్రింటరు సంగతి చెప్పనే అక్కర్లేదు. బయట నింపించిన సిరా పోస్తే, ఇది నా సిరా కాదు అని గుర్తుపట్టి పని మానేస్తుంది. పుట్టింటి నీళ్లు తప్ప తాగనని భీష్మించుకున్న కొత్తకోడలు కూడా రెండు రోజులకు దారికి వస్తుంది. ఇది రాదు.

వీటన్నిటికంటే నాకు మంట పుట్టించేది ఇంకోటుంది. అందరికీ మన గుట్టు కావాలి. చెప్పుల కొట్లో ఫోను నెంబరు అడిగితే, "ఇవి కాలికమ్మా, చెవికి కాదు" అని తమిళంలో చెప్పి వచ్చేశాను. ఫోనులో టార్చిలైటు యాప్ వేసుకుంటే నా చుట్టాల నెంబర్లన్నీ చూస్తానంది. ఎందుకు? చీకట్లో వాళ్లను వెతకడానికా? కంప్యూటర్ మీది కెమెరా కంటికి గాయాలకు వేసే ప్లాస్టరు అంటించాను. పెళ్లి ఫోటోలు ఎక్కడా పెట్టొద్దని అందరికీ చెప్పాను. పుట్టినతేదీ అడిగిన ప్రతి చోటా ఒక అబద్ధపు తేదీ ఇచ్చాను. మా చెల్లెలి కూతురు నన్ను చూసి నవ్వేది. "మా మామ ఉన్నాడే, అద్దంలో చూసుకునేదానికి కూడా పాస్‌వర్డ్ అడుగుతాడు" అనేది. నవ్వనీ అనుకునేవాణ్ణి. ఎదుటివాడికి నీతులు చెప్పడంలో నన్ను మించినవాడు ఈ తాలూకాలో లేడు. అలాంటి నేనే ఆ పిల్ల గుట్టును ఊరందరి ముందు ఆరబోశాను. ఆ సంగతి చెప్పాలి.

మేము తెలుగువాళ్లం. ఎన్ని తరాల కిందట ఈ నేలకు వచ్చామో మా వాళ్లలో ఎవరికీ తెలీదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మా వాళ్లలో చాలామందికి రావు. నేను తిరుపతిలో లాడ్జీలకు వైరింగు చేస్తూ ఐదేళ్లు ఉండబట్టి నేర్చుకున్నాను. పిల్లల సంబంధాలు మాత్రం ఇప్పటికీ మాలో మేమే చూసుకుంటాం. అందుకని నెలనెలా రెండో ఆదివారం బస్టాండు వెనక ఒక కల్యాణ మండపం వరండాలో కలుస్తాం. కారిమంగళం నుంచి, ఏ. పళ్లిపట్టి నుంచి, ఇంకా దూరం నుంచి జాతకాలు పట్టుకుని వస్తారు. అక్కడ ఒక పెద్దాయన చాప మీద కూర్చుని ఉండేవాడు. ఒకప్పుడు గోడలు కట్టిన మేస్త్రి. ఆయన ఒళ్లో పొడుగాటి నోటుపుస్తకం ఉండేది.

ఆ పుస్తకంలో ఒక్కో పిల్లకో పిల్లాడికో ఒక్కో పేజీ. పేరు, ఇంటిపేరు, చదువు, నక్షత్రం. పేజీ కుడి అంచును నాలుగు వేళ్ల వెడల్పున లోపలికి మడిచి, గుండుసూది గుచ్చి పెట్టేవాడు. ఆ మడత కింద రాసినదాన్ని లోపలి మాట అనేవాళ్లం. ఒక పిల్లకు ముందొక నిశ్చితార్థం తప్పిపోయి ఉంటుంది. ఒక పిల్లాడికి ఒక చెవి వినపడదు. ఒకరి తండ్రి తాగుతాడు. ఆ ఇంటివాళ్లే వచ్చి, పక్కకు పిలిచి, పెద్దాయన చెవిలో చెప్పుకునేవాళ్లు. ఆయన రాసి మడిచేవాడు. రెండు వైపులా ఒకరికొకరు నచ్చి, మాట ముందుకు పోతుందనుకున్నప్పుడు, మొదట చెప్పినవాళ్ల దగ్గరికే వెళ్లి అడిగేవాడు. "చెప్పేదామ్మా?" వాళ్లు తలూపితే అవతలివాళ్లకు, వాళ్లకొక్కరికే, చెప్పేవాడు. తలూపకపోతే లేదు. ఆ గుండుసూది తీసే హక్కు ఆయనకు కూడా లేదు.

పెద్దాయనకు చూపు తగ్గింది. ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం నా ఒళ్లో పెట్టాడు.

"ఒరే, కన్ను ఆనడం లేదు నాకు. ఇదంతా నీ పెట్టెలో ఎక్కించి పెట్టు. నువ్వయితే గుట్టు తెలిసినోడివి."

"సరే పెదనాయనా."

"మడిచిన పక్క కూడా ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తాను. మడిచే పెడతాను."

"సూది?"

నాకు నవ్వొచ్చింది. "కంప్యూటర్లో సూదులేమిటికి పెదనాయనా? ఒక నొక్కు నొక్కితే మాయమైపోతుంది."

ఆయన తల అటూ ఇటూ ఊపాడు. సరే అన్నట్టో కాదన్నట్టో నేను పట్టించుకోలేదు.

రెండు నెలలు కూర్చుని ఎక్కించాను. పేర్లకొక వరస, చదువుకొక వరస, నక్షత్రానికొక వరస. చివర లోపలి మాటకు ఒక వరస. మా వాళ్లు చదవగలిగేది తమిళ అక్షరాలే కాబట్టి అక్షరాలు తమిళం, మాట తెలుగు. ఆ చివరి వరసను నొక్కి దాచేశాను. దాని చోటు కూడా కనపడలేదు. ఎంత ముచ్చటపడ్డానో! దాచిన వరసను ఎవరైనా మళ్లీ తెరవవచ్చని నాకు తెలుసు. తెలిసీ ధైర్యంగా ఉన్నాను. ఎందుకంటే అందులో ఉన్నది తెలుగు.

ఇది బయటివాళ్లకు అర్థం కాని పిచ్చి. పుట్టినప్పటి నుంచి మా గుట్టంతా ఈ భాషలోనే దాచుకున్నాం. కిక్కిరిసిన బస్సులో తమిళవాళ్ల మధ్య నిలబడి, ఇంట్లో ఏ డబ్బాలో నగ పెట్టామో గొంతెత్తి చెప్పుకుంటాం. పక్కవాడికి తెలుగు వచ్చేమో అన్న అనుమానం కూడా రాదు. బ్యాంకు మిషను ముందు నిలబడి రహస్య నెంబరు తెలుగులో అరుస్తాం. నేను ఇంత చదివి, ఇన్ని జాగ్రత్తలు చెప్పి, లోపల మాత్రం అదే బస్సు మనిషిని. ఫైలు దొంగ చేతికి దొరికినా వాడికేం అర్థమవుతుందిలే అనుకున్నాను. దొంగ బయటినుంచి వస్తాడని అనుకున్నాను. ఆ పట్టికను చూడబోయేవాళ్లంతా తెలుగు మాట్లాడేవాళ్లే అన్న సంగతి, నా బుర్రకు తట్టలేదు.

ఎక్కించినవాటిలో మా చెల్లెలి కూతురి పేజీ కూడా ఉంది. చెల్లెలు కారిమంగళం సంతలో కూరగాయలు అమ్ముతుంది. బావ బెంగళూరులో సెంట్రింగు పని చేస్తూ నెలకోసారి వస్తాడు. పిల్ల చెట్టికరైలో ఇంజనీరింగు చదివింది. ఆ చదువు రోజుల్లో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. డాక్టరు మాత్రలు రాశాడు. ఆ తర్వాత మళ్లీ రాలేదు. చదువు ముగించి, హోసూరులో ఉద్యోగం చూసుకుంది. చెల్లెలు పెద్దాయన దగ్గర ఆ మాట చెప్పుకుని ఏడ్చిన రోజు నేను వరండా అవతలే ఉన్నాను. ఆ పేజీ ఎక్కించేటప్పుడు నా చెయ్యి కాసేపు ఆగింది. కానీ అందరివీ రాసి మనవాళ్లది వదిలేస్తే అది న్యాయమా అనుకుని, టకటకా కొట్టేశాను. కాలేజీలో రెండుసార్లు ఫిట్స్ వచ్చింది, మాత్ర వేసుకుంటుంది. అంతే. ఏ. పళ్లిపట్టి కూడలిలో టిఫిను అంగడి పెట్టుకున్న ఒకావిడ కొడుకుతో అప్పటికే ఆ పిల్లకు మాటలు నడుస్తున్నాయి. వాళ్లూ వాళ్లూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. మరుసటి నెల తాంబూలాలు మార్చుకోవాలని అనుకుంటున్నారు. చెల్లెలు ఎన్నాళ్లకో నవ్వుతూ కనిపిస్తోంది.

ఆ ఆదివారం నేను పట్టిక కాగితాల మీద తీసుకెళ్లి పంచాలి. పొద్దున్నే ప్రింటరు మొరాయించింది. సిరా తనది కాదంది. తుడిచాను, తీసి మళ్లీ పెట్టాను, నెత్తిన ఒకటి వేశాను కూడా. లాభం లేదు. పోనీ ఎవరూ మార్చలేని రకం ఫైలుగా చేద్దామంటే తమిళ అక్షరాలు విరిగిపోయి గళ్లు గళ్లుగా వచ్చాయి. ఈలోగా ఫోను మోగుతూనే ఉంది. మా వాళ్లందరి గ్రూపులో ఒకటే గోల. "లిస్టు ఏదన్నా?" "పొద్దున్నుంచి కూచోని ఉండాము." "కంప్యూటర్ మామ నిద్రపోయినాడా?"

గ్రూపులో ఏదీ వెయ్యొద్దని వాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ చెప్పిన నోటితోనే, సరే చావండి అని, అసలు పట్టికనే గ్రూపులోకి పంపేశాను. పంపేముందు తెర మీద మరోసారి చూశాను. చివరి వరస కనపడలేదు. నిశ్చింతగా పోయి అన్నం తిన్నాను. చారు బాగుందని కూడా అన్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే మొదటి ఫోను వచ్చింది. పాలక్కోడు నుంచి ఒకాయన.

"ఏందన్నా, మా ఇంటిమాట వీధిలో ఏసినావే?"

"ఎక్కడేసినాను?"

"ఫోను తెరిస్తే అంతా కనిపిస్తాంది కదన్నా! మా నాయన తాగేది, మా చెల్లెలి నిశ్చితార్థం తప్పింది, అంతా!"

నా భార్య ఫోనులో తెరిచి చూశాను. కంప్యూటర్లో కనపడని వరస ఫోనులో దర్జాగా కూర్చుని ఉంది. ఆ ఫోనులో ఉన్న ఉచిత యాప్‌కు దాచడం అనే సంగతే తెలీదు. వెంటనే పట్టికను గ్రూపులోంచి తీసేశాను. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అమ్మ అనేది. అప్పటికే చాలామంది దించుకున్నారు. ఒకాయన, నిజానికి మంచివాడే, "ఇదేమిటన్నా?" అని అడగడానికి ఆ ఒక్క వరసనే ఫోటో తీసి మళ్లీ గ్రూపులో వేశాడు. పేర్ల పక్కన లోపలి మాటలు, ఒకదాని కింద ఒకటి. మా మేనకోడలిది పైనుంచి ఏడోది.

సాయంత్రం పెద్దాయన కోడలు వచ్చి నోటుపుస్తకం అడిగి తీసుకుపోయింది. ఆయన ఏమన్నాడని అడిగితే, "ఏమీ అనలేదు. పుస్తకం తెమ్మన్నాడు" అంది.

నాలుగు రోజులు నేను యాప్‌ను తిట్టాను, ప్రింటరును తిట్టాను, సిరా అమ్మేవాళ్ల ఏడు తరాలను తిట్టాను. ఐదో రోజు ఏ. పళ్లిపట్టి ఆవిడ ఫోను చేసింది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"అన్నా, మాకు ముందే తెలుసు. మీ పిల్లే మావాడికి చెప్పింది. రెండోసారి మాట్లాడినప్పుడే చెప్పింది. వాడొచ్చి నాకు చెప్పినాడు. సరే, మాత్ర వేసుకుంటే ఏమి, ఏదో ఒక రోగం ఎవరికి లేదు అనుకున్నాము."

"అట్లయితే మరి ఇప్పుడేమిటికమ్మా..."

"అప్పుడు మాకు మాత్రమే తెలుసన్నా. ఇప్పుడు నా అంగడికి కాఫీకొచ్చే మనవాళ్లంతా అడుగుతాండారు. రేపు ఆ పిల్ల అలిసిపోయి కూచున్నా ఫిట్స్ అంటారు. బిడ్డ పుడితే బిడ్డను చూసి అంటారు. నా చుట్టాలు నన్ను బతకనీరు. నాకంత ధైర్యం లేదన్నా. తప్పయితే మన్నించండి."

తప్పు తనది అన్నట్టు ఆమె నన్ను మన్నించమని అడిగింది. ఆ పిల్ల తన నోటితో చెప్పినప్పుడు పెద్దది కాని సంగతి, నా వేళ్లతో బయటపడేసరికి ఆ పిల్ల బతుకులోకెల్లా పెద్దదైపోయింది. కంచే చేను మేసిందంటారే, ఆ కంచెను నేను.

ఆ వారమే కారిమంగళం వెళ్లాను. సంత లేని రోజు చూసుకుని వెళ్లాను, చెల్లెలు ఇంట్లో ఉంటుందని. బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. గుమ్మంలో మేనకోడలే ఎదురైంది. సెలవు పెట్టి వచ్చిందట. కళ్ల కింద నల్లబడింది. నన్ను చూసి పక్కకు జరిగి దారిచ్చింది. చెల్లెలు లోపల చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తలేదు.

నేను కూర్చోగానే మొదలుపెట్టాను. కంప్యూటర్లో కనపడలేదని, ఫోను యాప్ దాచినదాన్ని చూపిస్తుందని, దానికి తాళం వేసే పద్ధతి వేరే ఉందని, ప్రింటరు సరిగ్గా ఉంటే ఇదంతా జరిగేదే కాదని. మేనకోడలు గోడకు ఆనుకుని వింది. అంతా అయ్యాక అడిగింది.

"మామా, దాచిపెట్టడం వేరే, తీసెయ్యడం వేరే. నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి?"

"మన భాష కదా అనుకున్నాను."

ఆ పిల్ల నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నువ్వు రాసింది అబద్ధమయితే నీతో కొట్లాడేదాన్ని మామా. నిజమే కదా. ఎవురితో కొట్లాడేది? కానీ దాన్ని చెప్పాల్సింది నేను. ఆయనకు చెప్పేదానికి వారం రోజులు అద్దం ముందు నిలబడి చెప్పుకుని చూసుకున్నాను. ఎంత భయపడినానో నీకు తెలీదు. చెప్పినాక ఆయన సరే అన్నాడు. ఆ రోజు నాకు ఎట్లుండిందో కూడా నీకు తెలీదు. నువ్వు రెండు ముక్కల్లో రాసి పడేసినావు."

నాకు ఏడుపొచ్చింది. యాభై తొమ్మిదేళ్లవాణ్ణి, పిల్ల ముందు ఏడ్చాను. అది కూడా సిగ్గుచేటే, నన్ను ఓదార్చాల్సిన పని ఆ పిల్ల మీద పడింది. నీళ్లు తెచ్చిచ్చి, తన గదిలోకి వెళ్లిపోయింది.

చెల్లెలి వైపు తిరిగాను. నాకంటే ఆరేళ్లు చిన్నది. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల. "అమ్మీ, తిట్టు. నోటికొచ్చినట్టు తిట్టు. కొట్టినా పడతాను" అన్నాను.

ఆమె చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది. లేచి, చీరకు చేతులు తుడుచుకుని, "ఉక్కారుంగ. కాపి పోడరేన్" అంది. కూర్చోండి, కాఫీ పెడతానని, తమిళంలో. మర్యాదగా, బహువచనంలో.

పొరపాటున వచ్చిందేమో అనుకున్నాను. తెలుగులోనే మళ్లీ అడిగాను, బావ ఎప్పుడొస్తాడని. ఆదివారం వస్తారని తమిళంలోనే చెప్పింది. పిల్ల అన్నం తింటోందా అని అడిగాను. తింటోందని తమిళంలో చెప్పింది. కోపం లేదు, వెటకారం లేదు. మా ఇంటి గుమ్మంలో తమిళం మేము ఎవరితో మాట్లాడతామో నాకు తెలుసు. మీటరు చూడ్డానికి వచ్చినవాడితో. ఓట్లు అడగడానికి వచ్చినవాళ్లతో. దారి తప్పి వచ్చినవాడితో. మా అమ్మ కడుపున పుట్టినవాళ్లం ఇద్దరమే, మేము పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒకరితో ఒకరం ఆ భాషలో ఒక్క మాట మాట్లాడుకోలేదు.

కాఫీ తాగాను. గ్లాసు కింద పెట్టి లేచాను. తెలుగులో ఏదైనా అందామంటే నోరు రాలేదు. వెళ్లొస్తానని తమిళంలోనే చెప్పాను. సరేనండి, చూసి వెళ్లండి అని ఆమె తమిళంలో జవాబిచ్చి, తలుపు దగ్గరికి వేసింది.